బల్ల తుడిచే గుడ్డ

(చిన్న హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు నడిపేవాళ్లు కలుసుకున్న ఒక సభలో, తణుకులో ముప్ఫై ఏళ్లకు పైగా టిఫిన్ హోటల్ నడుపుతున్న ఒక యజమాని మాట్లాడిన మాటలు. మాట తీరు మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి.

పొద్దున బేరం వదులుకుని వచ్చారు. మీలో సగం మంది మనసు ఇంకా గల్లాపెట్టె దగ్గరే ఉందని నాకు తెలుసు. నాదీ అక్కడే ఉంది. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను అని మాత్రం అనను. మైకు చేతికొచ్చాక ఆ మాట నిలబెట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. (నవ్వులు)

బ్యానర్ మీద 'వ్యాపార స్థలాల్లో పరిశుభ్రత ఆవశ్యకత' అని రాయించారు. బాగుంది. అంత పెద్ద మాట నాకు పలకదు గానీ, నేను ఒక గుడ్డ గురించి మాట్లాడతాను.

ఇదిగో, సంచిలో తెచ్చాను. ముందు వరసలో వాళ్లకి వాసన వస్తే ఏమీ అనుకోకండి. పొద్దున వస్తూ వస్తూ దారిలో ఒకచోట ఇడ్లీ తిన్నాను. బల్ల తుడిచే కుర్రాణ్ణి అడిగి, యాభై రూపాయలిచ్చి తీసుకున్నాను. వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. ఏ హోటలో చెప్పను. ఆ ఓనరు ఈ హాల్లోనే ఉన్నా, ఇది తనదని గుర్తుపట్టలేడు. మనందరి గుడ్డా ఇలాగే ఉంటుంది.

ఇది ఒకప్పుడు ఎవరిదో లుంగీ. ఈ మూల చూడండి, గళ్లు ఇంకా కనపడుతున్నాయి. తెల్లవారుజామున ఐదింటికి దీన్ని బకెట్‌లో ముంచుతారు. మొదటి బల్ల మీద సాంబారు ఒలికితే తుడుస్తుంది. రెండో బల్ల మీద ఎంగిలి మెతుకులు లాగేస్తుంది. మూడో బల్ల దగ్గర చంటిపిల్ల టీ కింద పోస్తే, నేల కూడా ఇదే తుడుస్తుంది. మళ్లీ బకెట్‌లో మునుగుతుంది. తొమ్మిదయ్యేసరికి ఆ బకెట్‌లో నీళ్లూ సాంబారూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. కుర్రాడు చేతులు తుడుచుకునేదీ దీంతోనే, ప్లేటు అంచుకి అంటిన చట్నీ తుడిచేదీ దీంతోనే. రష్‌లో భుజం మీద ఉంటుంది. రాత్రి షాపు కట్టేసేటప్పుడు ఉండలా చుట్టి కుళాయి మీద పడేస్తారు. పొద్దున్న ఆ ఉండ విప్పితే లోపల ఇంకా తడే.

క్రిమి పెరగడానికి తిండి కావాలి, తడి కావాలి, వెచ్చదనం కావాలి. మనం రాత్రంతా ఈ మూడూ ఉచితంగా ఇచ్చి, పొద్దున్నే తీసుకెళ్లి ప్రతి బల్లకీ పంచుతున్నాం. కస్టమరేమో, అబ్బా, బల్ల తుడిచాడు అనుకుని దాని మీద మోచేతులు పెట్టుకుంటాడు. వాళ్లావిడ, పిల్లాడు జారవిడిచిన దోశ ముక్కని బల్ల మీంచి తీసి మళ్లీ వాడి నోట్లోనే పెడుతుంది. తుడవని బల్లయితే పెట్టేది కాదండీ. తుడిచాం కదా అని నమ్మి పెట్టింది.

ఇదేదో నేను మహా శుభ్రంగా ఉండి మీకు చెప్తున్నానని అనుకోవద్దు. నా సంగతి చెప్తాను, దాని కోసమే వచ్చాను.

2008 మే నెల. పెళ్లిళ్ల సీజను. ఆ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. పొద్దున పెళ్లివారు వచ్చి ఒక బస్సుకి సరిపడా టిఫిన్ పార్సిల్ కట్టమన్నారు, పదకొండింటికి బయల్దేరతామన్నారు. ఇడ్లీ, గారె, కొబ్బరి చట్నీ. మంచి బేరం, నేనే నిలబడి కట్టించాను. సాయంత్రం నాలుగైంది, ఫోనొచ్చింది. బస్సులో ఒకరి తర్వాత ఒకరు వాంతులు. పదిహేను మంది దాకా పడిపోయారు, దారిలో ఒక ఊళ్లో ఆసుపత్రిలో దింపారట. అందులో పెళ్లికూతురి మేనత్త ఒకావిడ, షుగరు మనిషి, మూడు రోజులు సెలైను మీద ఉంది. దేవుడి దయ, అందరూ బాగుపడ్డారు. ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేదు. ఫోన్ మోగితే చెయ్యి వణికేది.

ముందు నేను ఏం చేశానో తెలుసా? గారెల నూనెని అనుమానించాను. తర్వాత మినప్పప్పు అమ్మిన కొట్టాయన్ని తిట్టాను. తర్వాత, ఇది చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, పెళ్లివాళ్లే దారిలో ఏదో తినుంటారని నలుగురితో అన్నాను. మా ఊళ్లో నాకు తెలిసిన డాక్టరు గారు ఒకాయన ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఆయన గారె గురించి అడగలేదు. ఎన్ని గంటలకి తిన్నారు, ఎన్ని గంటలకి వాంతులు మొదలయ్యాయి అని అడిగారు. పన్నెండున్నరకి తిన్నారు, మూడున్నరకి మొదలైందన్నాను. 'జ్వరం ఉందా?' లేదన్నాను. 'మీ వంటవాళ్లలో ఎవరికైనా చేతికి దెబ్బ తగిలిందా?' అన్నారు.

నాకు ఒళ్లు చల్లబడిపోయింది. మా చట్నీ మాస్టరుకి రెండు రోజుల ముందు కొబ్బరి కోస్తుంటే చూపుడువేలు తెగింది. గుడ్డ పీలిక చుట్టుకుని పని చేస్తున్నాడు. ఆ పీలిక ఎక్కడిదనుకున్నారు? బల్ల తుడిచే గుడ్డలోంచి చింపిందే.

డాక్టరు గారు చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మన చర్మం మీద, ముక్కులో స్టెఫిలోకాకస్ అని ఒక క్రిమి మామూలుగానే ఉంటుంది. తెగిన చోట, చీము పట్టిన చోట బాగా పెరుగుతుంది. అది కూడు మీద పడి, ఆ కూడు వెచ్చగా కొన్ని గంటలు ఉంటే విషం తయారుచేస్తుంది. ఆ విషాన్ని మళ్లీ మరగబెట్టినా పోదు. క్రిమి చచ్చినా విషం ఉంటుంది. తిన్నాక అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. ఇంక కొబ్బరి చట్నీ అంటే మనం ఉడికించేది కాదు కదా. పైన పోపు పెడతాం, ఆ పోపు చట్నీ మొత్తాన్ని కాయదు, వాసన ఇస్తుంది అంతే.

లెక్క చూడండి. చట్నీ నాలుగింటికి రుబ్బాం. పార్సిల్ కట్టింది పదకొండింటికి. ఏడు గంటలు. మంచి వెచ్చదనంలో కొన్ని రకాల క్రిములు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. గంటకి మూడుసార్లు, ఏడు గంటలకి ఇరవై ఒక్కసారి. ఒక్క క్రిమి దగ్గర మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోండి, ఇరవై లక్షలు దాటుతుంది. అదీ ఒక్కటి పడితే. పైగా నేను చేసిన ఇంకో ఘనకార్యం ఉంది. తొమ్మిదింటికి చట్నీ తగ్గితే కొత్తది రుబ్బి పాత బకెట్‌లోనే కలిపించాను. పెరుగు తోడుపెట్టినట్టు, పాత చట్నీతో కొత్త చట్నీకి తోడు పెట్టానన్నమాట. చేతులెత్తమంటే ఈ హాల్లో ఎంతమంది ఎత్తుతారో నాకు తెలుసు, అందుకే అడగను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాస్టర్ని పిలిచి అరిచాను. వేలు తెగితే చెప్పవేంట్రా అన్నాను. వాడు నేల చూపులు చూస్తూ, 'చెప్తే ఇంటికి పొమ్మంటారు కదండీ, పోతే రోజు జీతం పోద్ది కదండీ' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నిజమే. సెలవు పెడితే జీతం కోసే పద్ధతి పెట్టింది నేనే. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాల్సినవాడు తెగిన వేలు నాకు చూపిస్తాడా, జేబులో దాచుకుంటాడా?

కొన్నాళ్ల తర్వాత మా అబ్బాయి నాకు మేరీ మాలన్ అనే ఆవిడ సంగతి చెప్పాడు. అమెరికాలో న్యూయార్క్‌లో వంటమనిషి. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదావిడ. 1906లో ఒక ధనవంతుల వేసవి ఇంట్లో పదకొండు మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, ఆవిడ వండిన ఇళ్లల్లో వరసగా టైఫాయిడ్. ఆవిడకి మాత్రం ఏ జబ్బూ లేదు, రాయిలా ఉంది. ఒంట్లో క్రిమి ఉండి, జబ్బు పైకి కనపడని మనిషి. 1907లో పట్టుకెళ్లి ఒక దీవిలో పెట్టారు. 1910లో, ఇంక వంట పని చెయ్యనని మాట తీసుకుని వదిలేశారు. బట్టలుతికే పనికి కుదిరింది. అందులో వంట పనికొచ్చే డబ్బు ఎక్కడొస్తుంది? కొంతకాలానికి పేరు మార్చుకుని మళ్లీ వంటలోకి వెళ్లిపోయింది. 1915లో ఎక్కడ దొరికిందో తెలుసా? కాన్పుల ఆసుపత్రి వంటింట్లో. అక్కడ ఇరవై ఐదు మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. మళ్లీ దీవికి తీసుకెళ్లారు. 1938లో చనిపోయేదాకా అక్కడే.

ఈ కథ చెప్పినవాళ్లందరూ ఆవిడ మొండితనం గురించే చెప్తారట. ఉంది, కాదనను. నాకు మాత్రం మా మాస్టర్ వేలు గుర్తొచ్చింది. ఆవిణ్ణి వంట మానమన్నారు సరే, ఆ జీతం ఎవరిచ్చారు?

అప్పటి నుంచి మా హోటల్లో ఒక పద్ధతి పెట్టాను. వేలు తెగినా, విరేచనాలైనా, జ్వరమొచ్చినా, చీము గడ్డ లేచినా ముందు వచ్చి చెప్తే ఆ రోజు జీతం పూర్తిగా ఇస్తాను. చిన్న గాయమైతే తడి లోపలికి పోని ప్లాస్టర్ వేసి, పైన గ్లవ్ తొడిగి, వంటకి దూరంగా కూపన్ల దగ్గరో, సరుకు దింపుకునే దగ్గరో కూర్చోబెడతాను. మొదటి నెలలో ఇద్దరు దొంగ కడుపునొప్పులు తెచ్చారు. (నవ్వులు) ఇచ్చాను. ఇచ్చాక వాళ్లే సిగ్గుపడి మానేశారు. ఏడాది మొత్తం మీద చూసుకుంటే ఇలా నాకు పోయింది ఆ పెళ్లి బస్సు ఆసుపత్రి బిల్లులో సగం కూడా కాదు.

చట్టంలో కూడా ఈ మాట ఉందండీ. 2006లో ఆహార భద్రత చట్టం వచ్చింది, 2011లో దాని కింద నియమాలు వచ్చాయి. అందులో షెడ్యూల్ 4 అని ఒక భాగం. తిండి ముట్టుకునే ప్రతి మనిషికీ ఏడాదికోసారి డాక్టరు పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటివాటికి టీకా వేయించాలి, అంటుజబ్బు ఉన్నవాణ్ణి వంటింట్లోకి రానివ్వకూడదు అని ఉంటుంది. మనమేం చేస్తాం? లైసెన్సు కోసం ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు గుంపుగా రాయించుకుంటాం. వెళ్లిన మనిషి ఒకడు, సర్టిఫికెట్లు పది. నేనూ అలా చేసినవాణ్ణే. శుభ్రం లేకుండా వండితే ఈ చట్టంలో లక్ష దాకా జరిమానా ఉంది. లక్ష గురించి నాకు పెద్దగా టెన్షన్ లేదు, మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ పెళ్లివాళ్లు మాత్రం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. వాళ్ల ఊరివాళ్లు కూడా తొక్కలేదు.

2024లో హైదరాబాద్‌లో ఆహార భద్రత టాస్క్‌ఫోర్స్ వాళ్లు పెద్ద పెద్ద హోటళ్ల వంటిళ్లు తనిఖీ చేసి, ఫొటోలు తీసి అందరికీ కనపడేలా పెట్టారు కదా. బొద్దింకలు, తేదీ దాటిన సరుకు, మూతల్లేని డస్ట్‌బిన్లు. ఏసీ హాలు, పూలకుండీలు, యూనిఫాంలు ఉన్న హోటళ్లు. అప్పుడు మనవాళ్లు కొందరు సంతోషించారు, చూశారా పెద్దోళ్లే ఇలా ఉంటే అని. దానికి సంతోషపడటం ఏంటండీ? కస్టమర్ అనుకునేది అది కాదు. అంత పెద్ద హోటలే అలా ఉంటే ఈ బస్టాండు హోటల్ ఎలా ఉంటుందో అనుకుంటాడు. అదే ఏడాది అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. ఎవరో నలుగురు సరిగ్గా చెయ్యకపోతే ఆ సరుకు మీద బతికే ప్రతి బండివాడికీ బేరం పడిపోయింది. మన వ్యాపారంలో పక్కవాడి మురికి కూడా మన లెక్కలోకే వస్తుంది.

సరే, మళ్లీ గుడ్డ దగ్గరికి.

ఇప్పుడు మా దగ్గర బల్లలకి ఇరవై నాలుగు నీలం గుడ్డలున్నాయి. వంటింట్లోకి పచ్చవి. నేలకి గుడ్డే లేదు, మాప్ కర్ర. నీలం గుడ్డ వంటింట్లో కనపడితే మాస్టరే అరుస్తాడు, నేను అరవక్కర్లేదు. గంటకోసారి వాడిన గుడ్డలు మూత ఉన్న డబ్బాలో పడతాయి, ఉతికినవి బయటికి వస్తాయి. రాత్రికి అన్నీ సబ్బుతో ఉతికి, పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, దండెం మీద విప్పి ఆరేస్తారు. ఉండ చుట్టడం లేదు. ఎండ ఉన్న రోజున ఎండలోనే. ఇక కడిగిన ప్లేట్లు గుడ్డతో తుడవడం పూర్తిగా మాన్పించాను. స్టాండులో నిలబెడితే వాటంతటవే ఆరతాయి. కడిగిన ప్లేటుని మురికి గుడ్డతో తుడిచి మళ్లీ మురికి చెయ్యడానికి మనం జీతం ఇస్తున్నాం, అదీ విచిత్రం.

మా నాయనమ్మ మడి కట్టుకునేది. మడిబట్ట వేరే దండెం మీద, ఎవరూ ముట్టకూడదు. చిన్నప్పుడు నేను కావాలని ముట్టుకుని తన్నులు తిన్నాను. ఇప్పుడు ఈ నీలం గుడ్డల గొడవ చూసి మా ఆవిడ, 'మీరు హోటల్‌కి మడి కట్టారు' అంటుంది. కొంత నిజమే, ఒక గుడ్డ ఒక పనికే అన్న పట్టుదల అక్కడిదే. అయితే మడిలో దూరం పెట్టింది మనుషుల్ని. అంట్లు తోమే మనిషిని వంటింటి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు, ఆవిడ తోమిన గిన్నెలోనే వండుకునేవాళ్లు. మన హోటళ్లలో ఇప్పటికీ ఆ వాసన ఉంది. అందరికంటే తక్కువ జీతం ఎవరికి? క్లీనర్‌కి. ఎవరు కూర్చుని తినకూడదు? క్లీనర్. కొత్తగా వచ్చిన పిల్లాడికి ఏ పని ఇస్తాం? ప్లేట్లు కడిగే పని. దోశ మాస్టర్ మానేస్తాడేమోనని రోజూ బతిమాలతాం, క్లీనర్ మానేస్తే సాయంత్రానికి ఇంకోడు. మరి పదిమంది నోట్లోకి వెళ్లే ప్లేటు ఎవరి చేతిలో ఉంది? నేను క్లీనర్ జీతం సప్లయర్ జీతంతో సమానం చేశాను. ఊళ్లో హోటళ్లవాళ్లు నా మీద కోప్పడ్డారు, రేట్లు పాడుచేస్తున్నాడని. ఆ కుర్రాడు ఆరేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు నేనే గ్లాసు సరిగ్గా కడగలేదని వాడు నన్ను తిడతాడు.

గ్లాసులంటే గుర్తొచ్చింది. నాలుగు గ్లాసుల మంచినీళ్లు ఒక్క చేత్తో తెచ్చే విద్య ఉంది చూశారూ? నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచి, బొటనవేలు బయట పెట్టి, పరుగెత్తుకుంటూ వచ్చి టక్కున పెడతాడు. ఎంగిలి గ్లాసు ముట్టుకోని జాతి మనది. చెంబెత్తి పెదవి తగలకుండా తాగుతాం. అలాంటిది ఆ కుర్రాడి నాలుగు వేళ్లు ముంచిన నీళ్లు మాట్లాడకుండా తాగేస్తాం. (నవ్వులు) ఆ వేళ్లు అంతకు ముందు ఎక్కడున్నాయి? బకెట్‌లో, ఈ గుడ్డ పిండుతూ. ట్రే ఎంతండీ? దానికి మనసొప్పదు మనకి.

చేతుల సంగతి కూడా అంతే. కస్టమర్ చెయ్యి కడుక్కోవడానికి వాష్ బేసిన్, అద్దం, సోపు పెడతాం. వంటింట్లో మాస్టర్ చెయ్యి ఎక్కడ కడుక్కుంటాడు? అంట్ల తొట్టిలో ముంచుతాడు. పనివాళ్ల బాత్‌రూమ్‌కి వెళ్లి చూడండి ఎప్పుడైనా. చాలా చోట్ల సబ్బుముక్క ఉండదు. కొన్ని చోట్ల అసలు బాత్‌రూమే ఉండదు, వెనక సందులోకి వెళ్లొస్తారు. వాళ్లని శుభ్రంగా ఉండరా అని తిట్టే ముందు కుళాయి, సబ్బు, తలుపున్న బాత్‌రూమ్ పెట్టామా లేదా చూసుకోవాలి. నేను వంటింటి గుమ్మం పక్కనే మోకాలితో నొక్కే కుళాయి పెట్టించాను. చేత్తో తిప్పక్కర్లేదు. ప్లంబర్ నవ్వాడు, ఆసుపత్రా హోటలా అని.

దోశ పెనం చీపురు గురించి ఎవరో ఇందాక నవ్వుతూ అన్నారు. అవును, పెనం మీద నీళ్లు చల్లి చీపురు కట్టతో ఊడుస్తాం. కాలే పెనం మీద క్రిమి బతకదు, దాని గురించి నేను భయపడను. ఊడ్చాక ఆ చీపురు ఎక్కడ పెడుతున్నాం? నేల మీద, కాలువ పక్కన. అక్కడ దానికి అంటిన నీళ్లే మళ్లీ పెనం మీద పడతాయి. ఒకటీ అరా పుల్ల దోశలో వస్తుంది, అది ఫొటో తీస్తారు. గోడకి మేకు కొట్టి కొత్త చీపురుని దానికి తగిలించండి, వారానికోసారి మార్చండి. పది రూపాయల మేకు.

ఇంక అన్నం అమ్మేవాళ్లకి ఒక మాట. సాయంత్రం ఫ్రైడ్ రైస్ కోసం మధ్యాహ్నమే వండి, పెద్ద డేగిసాలో మూత పెట్టి వదిలేస్తారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక క్రిమి బీజం ఉంటుంది, అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషం పెడుతుంది. పెద్ద మంట మీద టాస్ చేసేశాం కదా అనుకుంటే ఆ విషం పోదు. వండిన వెంటనే వెడల్పు ట్రేల్లో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిగా ఉంచాల్సింది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు. మధ్యలో ఉండేదే ప్రమాదం. తిండికి గుచ్చి చూసే థర్మామీటరు కొనుక్కోండి, మాస్టర్ వేలు పెట్టి చూసే పద్ధతి వద్దు.

ఎలుకల గురించి ఒక్కటే చెప్తాను. చిటికెనవేలు దూరే కన్నం చాలు, చుంచెలుకకి. రాత్రి షట్టర్ కింద సందు చూసుకోండి. మందు పెట్టి చంపేకంటే సందు మూయడం తేలిక. న్యూస్‌పేపర్లో బజ్జీలు కట్టడం మానెయ్యండి, ఆ సిరా నూనెలో కరుగుతుంది, నియమాల ప్రకారం కూడా కట్టకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే.

ఏమన్నా అడగాలంటే అడగండి. చెప్పమ్మా, వెనకాల.

(ఒక మహిళ: బాబాయ్ గారూ, మీకు హోటల్ ఉంది, కుళాయి ఉంది. నాది రోడ్డు పక్క ఇడ్లీ బండి. రెండు బిందెల నీళ్లే. మీరు చెప్పినవన్నీ నేనెలా చెయ్యను?)

మంచి ప్రశ్న అడిగావు తల్లీ. నేను కూడా 1991లో బండి మీదే మొదలెట్టాను, ఈ కష్టం నాకు తెలుసు. రెండు బిందెలుంటే ముందు ఒకటి పక్కన పెట్టెయ్, అది చేతులకి, తాగడానికి. కింద పంపు ఉన్న డబ్బాలో పోసుకో, గ్లాసు లోపల ముంచే పని ఉండదు. ప్లేట్లు కడగడానికి నీళ్లు సరిపోవు, ఒప్పుకుందాం. ఒకే బకెట్‌లో నూరు ప్లేట్లు ముంచి తియ్యడం కంటే విస్తరాకో, అరటాకు ముక్కో నయం. ప్లేటు మీద ఆకు పరిచి పెట్టు. చట్నీ ఒక్కసారే రుబ్బుకురాకు, రెండు చిన్న డబ్బాల్లో తెచ్చుకో. ఒకటి ఐసు పెట్టెలో ఉండాలి. మొదటిది అయిపోతే రెండోది తెరువు, ఒకదాంట్లో ఒకటి కలపకు. డబ్బు తీసుకునే చెయ్యి, ఇడ్లీ పెట్టే చెయ్యి ఒకటి కాకుండా చూసుకో. మీ ఆయన వస్తాడా బండి దగ్గరికి?

(మహిళ: వస్తాడండీ, కూర్చుంటాడు.)

(నవ్వులు) అయితే డబ్బులు ఆయనకి అప్పజెప్పు. లెక్క మాత్రం రాత్రికి నువ్వు చూసుకో.

ఇంకో ప్రశ్న ఎవరు? ట్యాంకు నీళ్ల గురించా. చెప్తాను. ముందు ట్యాంకు ఖాళీ చేసి అడుగు రుద్ది కడిగించండి, ఎన్నేళ్లయిందో ఒకసారి గుర్తుచేసుకోండి. తర్వాత వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. నేరుగా వెయ్యకూడదు. చిన్న బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైన తేటనీళ్లు మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. గంట ఆగి వాడుకోవాలి. పౌడరు డబ్బా మూత తీసి వదిలేస్తే దాని పస పోతుంది, వాసన లేని బ్లీచింగ్ మనకి పనికిరాదు. రాత్రి షాపు కట్టేటప్పుడు వేస్తే పొద్దుటికి సరిపోతుంది.

ఆ మూల తమ్ముడు ఏదో అంటున్నాడు. గట్టిగా చెప్పమ్మా.

(ఒక యువకుడు: ఇదంతా చేస్తే ఖర్చు పెరుగుతుంది కదండీ, ఇడ్లీకి ఐదు రూపాయలు పెంచితే పక్క హోటల్‌కి పోతారు.)

పోతారు. కొంతమంది పోయారు కూడా. నేను అబద్ధం చెప్పను, మొదటి ఆరు నెలలు నాకు బేరం తగ్గింది. తర్వాత ఆడవాళ్లు, పిల్లల్ని తీసుకుని రావడం పెరిగింది. మునుపు మా హోటల్‌కి ఎక్కువగా లారీ డ్రైవర్లు, కాలేజీ కుర్రాళ్లు వచ్చేవాళ్లు. ఒకావిడ నాతో ఏమందో తెలుసా? 'మీ ఇడ్లీ ఏమంత గొప్పగా ఉండదండీ, మీ దగ్గర బాత్‌రూమ్ బాగుంటుందని బస్సు ఇక్కడ ఆపమంటాం' అంది. (నవ్వులు) ముప్ఫై ఏళ్లు పిండి రుబ్బి ఆ మాట పడ్డాను. ఏం చేస్తాం, ఇడ్లీ బిల్లు కట్టి వెళ్తోంది. ఇడ్లీ సంగతి మా మాస్టర్‌తో మాట్లాడుతున్నాను.

ఈ గుడ్డ ఇక్కడ వదిలేసి వెళ్తాను, ఎవరికైనా కావాలంటే తీసుకోండి. అదిగో, టీ వస్తున్నట్టుంది. అందరూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ కుర్రాడి చెయ్యి చూడండి. ఫర్వాలేదు, ట్రేలోనే తెస్తున్నాడు. బాబూ, ముందు ఆ అమ్మకివ్వు.